ఎర్రపీపా దాటితే వచ్చేసినట్టే

"సందు మొదట్లో ఉన్నాను తాతయ్యా, వచ్చేశాను" అని ఫోన్లో చెప్పిందెవర్రా? నువ్వే కదూ? ఆ మాట చెప్పేటప్పుడు నీ వెనకాల కుళాయి చప్పుడు నాకు వినపడిందిరా. పళ్ళు తోముకుంటూ సందు మొదట్లో ఎలా ఉంటావు? నవ్వకు. నేను నవ్వులాటకి అనట్లేదు. ముప్పావు గంట నుంచి చొక్కా బొత్తాలన్నీ పెట్టుకుని, కళ్ళజోడు తుడుచుకుని, ఈ కుర్చీలో కొలువున్నాను. కంటి డాక్టరు ఇచ్చిన టైము పోతే పోయింది, ఆ కళ్ళు ఇవాళ కాకపోతే రేపు చూపించుకుంటాను. ఇంకా బయల్దేరలేదు తాతయ్యా అను, నాకేం కోపం? రాకుండా వచ్చేశానంటే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఎందుకంటే రాకుండా వచ్చేశాననడంలో మొనగాణ్ణి ఒకాయన్ని నేను దగ్గరుండి చూశాను. ఆయన కింద నాలుగేళ్ళు పనిచేశాను. ఎవరా? పంక్చువల్ గారు. అదేం పేరంటావా? అసలు పేరు ఆయన జీతం కాగితం మీద తప్ప ఎక్కడా ఉండేది కాదు. కూచో. డాక్టరు దగ్గరికి రేపు పోదాం. కూచోమన్నానా.

అప్పట్లో ఆ నది మీద వంతెన లేదు. ఇవతలి గట్టు దాకా ఒక రైలు, అవతలి గట్టు నుంచి ఇంకో చిన్న రైలు, మధ్యలో రెండు మైళ్ళ నీళ్ళు. ఆ నీళ్ళు దాటించడానికి రైలు వాళ్ళే ఒక స్టీమరు పెట్టారు. దాన్ని మూడు ముక్కలుగా గూడ్సు బండి మీద తెచ్చి గట్టు మీద అతికించారట, నేను పుట్టకముందు మాట. సరే, రైలు వాళ్ళకి రైలు తప్ప ఇంకోటి తెలీదు గదా. స్టీమరుకి రైలు పెట్టె రంగే వేశారు. పాత పెట్టెల్లోంచి బెంచీలు ఊడదీసి బిగించారు. బెంచీలతో పాటు గోడ కూడా ఊడివచ్చిందో ఏమో, దానికో గొలుసు! ప్రమాదం వస్తే లాగండి, ఊరికే లాగితే జరిమానా అని కింద బోర్డు. ఒకసారి ఒక పెద్దాయన గొడుగు నీళ్ళల్లో పడిందని ఆ గొలుసు లాగితే, మొత్తం ఊడి ఆయన చేతికొచ్చింది. సరంగు, అంటే స్టీమరు నడిపే మనిషి, పైనుంచి తొంగిచూసి, "లాగారు గదా, ఇంక మీరే ఆపండి బాబుగారూ" అన్నాడు. ఆ సరంగుకి నోరెక్కువ. స్టీమరు కదలాలంటే గంట కొట్టాలి, ఈల వెయ్యాలి, పచ్చజెండా ఊపాలి. ఆ నది మొత్తానికి ఉన్నది ఆ ఒక్క స్టీమరు. "జెండా ఎవరి కోసమండీ, చేపల కోసమా?" అని రోజూ అడిగేవాడు. రోజూ ఊపేవారు.

అసలు తిప్పలన్నీ టైముతోనే. పొద్దున ఏడున్నరకి ఇవతలి గట్టు వదిలి, ఎనిమిదీ పదికి అవతలి గట్టు చేరాలని టైంటేబుల్లో అచ్చేశారు. నలభై నిమిషాలు. అది వేసిన మహానుభావుడు ఎక్కడో ఆఫీసులో మ్యాపు మీద స్కేలు పెట్టి ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ గీత గీశాడు. గీత మీద రైలు పోతుందేమో గానీ స్టీమరు పోతుందా? మధ్యలో పెద్ద ఇసక దిబ్బ ఉంది. ముందు ప్రవాహానికి ఎదురెక్కి, దిబ్బ చుట్టూ తిరిగి, మళ్ళీ ఏటవాలుగా దిగాలి. యాభై అయిదు నిమిషాలకి ఒక్క నిమిషం తగ్గదు. రేవు సూపర్నెంటుగా ఎవడొచ్చినా రోజూ పావుగంట ఆలస్యం అని రాయడం, రోజూ సంజాయిషీ ఇమ్మని పై నుంచి కాగితం రావడం. ఒకాయనైతే సంజాయిషీలు రాసీ రాసీ చెయ్యి వాచి సెలవు పెట్టి వెళ్ళిపోయాడు.

అప్పుడొచ్చారు పంక్చువల్ గారు. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ చేసిన కొడవలిలా ఉండేవారు. మనిషి చెడ్డవాడు కాదురా. పని దొంగ అసలే కాదు. వచ్చిన వారం రోజులూ స్టీమరు మీద అటూ ఇటూ తిరిగి, గడియారం చేత్తో పట్టుకుని, ఎనిమిదీ పదికి స్టీమరు ఎక్కడుంటోందో చూసుకున్నారు. దిబ్బ మలుపు దగ్గర నీళ్ళల్లో ఒక ఎర్రపీపా తేలుతుండేది, లోతు తెలియడానికి గొలుసుతో కట్టింది. సరిగ్గా అక్కడుంటోంది. ఇంక ఆయన మొహం వెలిగిపోయింది. సరంగుతో అన్నారట, "ఒరే, రైలు ఊరి బయట మొదటి సిగ్నలు దాటితే ఏమంటాం? బండి వచ్చేసిందంటామా లేదా? ఇదే మన సిగ్నలు. ఎర్రపీపా దాటితే వచ్చేసినట్టే." చూశావా తెలివి? ఇలాంటిది రైలు బుర్రకి తప్ప ఇంకో బుర్రకి తడుతుందా? పడవ వాణ్ణి అడుగు, తాడు గుంజకి పడితేనే వచ్చినట్టంటాడు. 

ఆ మర్నాటి నుంచి ఆలస్యం లేదు. ఏడేళ్ళు లేదురా! చివరి నాలుగేళ్ళూ ఆ అబద్ధం కొట్టింది ఈ చేత్తోనే. అవును, నేనే. దిగే గట్టు మీద రేకుల షెడ్డులో టెలిగ్రాఫు గుమాస్తాని. అక్కడ చిన్న రైలు రేవుకి అర మైలు దూరంలో, కట్టకి ఆవలి వైపు ఆగేది. రేవు దగ్గరంతా వదులు ఇసక, పట్టాలు నిలవవు. అక్కణ్ణించి నది కనపడదు. నేను పీపా వంక చూస్తూ కూచుని, స్టీమరు దాన్ని దాటగానే స్టేషనుకి టక్కు టక్కుమని "స్టీమరు వచ్చింది, ఎనిమిదీ పది" అని కొట్టి, రిజిస్టర్లో రాసి సంతకం పెట్టేవాణ్ణి. ఎనిమిదీ నలభైకి రైలు కదలాలి. కానీ స్టీమరు నిజంగా ఒడ్డుకి తగిలేసరికి ఎనిమిదీ ఇరవై అయిదు, ఒకే బల్ల మీదుగా అందరూ దిగేసరికి ఎనిమిదిన్నర దాటేది. ఇసక మీద పరిచిన బల్లల మీద అర మైలు. ఇంకేముంది, పరుగో పరుగు! లాయర్లూ, పంతుళ్ళూ, చంకలో పిల్లల్ని పెట్టుకుని తల్లులూ, అందరూ ఆ బల్లల మీద దడదడలాడించుకుంటూ పరుగు. ఆ ఊరి జనం రోజూ పరిగెత్తీ పరిగెత్తీ ఎంత చురుగ్గా ఉండేవారంటే, ఏ పోటీ పెట్టినా మా రేవు ప్రయాణీకులే గెలిచేవాళ్ళు. కోడిగుడ్ల పెద్దమ్మ అని ఒకావిడ, అరవై ఏళ్ళది, నెత్తి మీద గంపలో నూట యాభై గుడ్లతో పరిగెత్తేది. పైన గంప కదలదు, కింద కాళ్ళు కనపడవు. ఎప్పుడైనా గుడ్డు పగిలితే నా షెడ్డు ముందాగి, "ఒరే టక్కుటక్కూ, నా గుడ్డు పగిలింది, ఇది కూడా పగల్లేదని రాసుకో" అని మళ్ళీ పరుగు! నాకు సిగ్గేసేది. సిగ్గు వేరు, మానడం వేరు. నాలుగేళ్ళు మానలేదు గదా. అది నా తప్పే. ఇంకొకరి మీద నెట్టను.

ఏడేళ్ళ పాటు ఒక్క నిమిషం ఆలస్యం లేని స్టీమరు ఇంకెక్కడైనా ఉందా? పై ఆఫీసుకి ఆనందం. పెద్ద వెండి షీల్డు ఇస్తామని కబురొచ్చింది. పేపర్లో కూడా వేశారు. ఆ పేపరు చూసే, చిన్న రైలు పోయే ఊళ్ళో ఒక హెడ్డుమాస్టారు, లెక్కలు చెప్పే ఆయన, తన రెండో కూతుర్ని ఇస్తానని కబురంపారు. "వేళ తప్పని మనిషి మాట తప్పడు" అన్నారట. పంక్చువల్ గారికి అప్పటికి ముప్పై నాలుగు. సంబంధాలు చూసేవాళ్ళెవరూ లేరు. ఆ అమ్మాయిని ఒకసారి చూసొచ్చారు. వచ్చిన దగ్గర్నుంచీ ఆయన వాలకం చూడాలి! పచ్చజెండా తిరగేసి పట్టుకునేవారు. గంట కొట్టాక చెయ్యి ఆపడం మర్చిపోయి కొడుతూనే ఉండేవారు. ఆ అమ్మాయి ఎలా ఉంటుందండీ అనడిగితే, "నవ్వుతుందోయ్" అన్నారు. అంతే. ఆయనకి ఆ పిల్ల అంటే నిజంగా ప్రాణం. ఈ ముక్క గుర్తుపెట్టుకో, లేకపోతే ఆయన్ని నువ్వు ఊరికే నవ్విపోతావు.

ఇంకో ముక్క. చిన్న రైలు గార్డు దయగలవాడు. ఎనిమిదీ నలభై అయినా, కట్ట మీద పరిగెత్తే తలకాయలు కనపడుతుంటే రెండు మూడు నిమిషాలు ఆగేవాడు. ఇది పంక్చువల్ గారికి నచ్చలేదు. "మా స్టీమరు సకాలానికి వస్తుంటే మీ రైలు ఆలస్యంగా కదలడమేమిటి?" అని పెళ్ళికి వారం ముందు పైకి ఫిర్యాదు రాశారు. షీల్డు వస్తున్న మనిషి రాసిన ఫిర్యాదు గదా, వెంటనే పనిచేసింది. సరిగ్గా ఎనిమిదీ నలభైకి కదలాలి, ఎవడి కోసమూ ఆగకూడదు అని గార్డుకి ఆర్డరు!

ఇంక పెళ్ళి రోజు. పదిన్నరకి పెళ్ళి. పంక్చువల్ గారు కొత్త బట్టల్లో, ఇద్దరు స్నేహితులతో, ఏడున్నర స్టీమరు ఎక్కారు. పై అంతస్తులో నిలబడ్డారు. నేను అవతలి గట్టు మీద షెడ్డులో. ఎనిమిదీ పది. పీపా దాటింది. "స్టీమరు వచ్చింది" అని కొట్టాను. రాశాను. పది నిమిషాలకి తలెత్తి చూద్దును గదా, స్టీమరు ఆగిపోయింది! నదిలో నీళ్ళు తగ్గాయి, దిబ్బ తోక మీద కూచుంది. ఒడ్డుకి రెండొందల గజాలు. సరంగు ముందుకీ వెనక్కీ తిప్పుతున్నాడు, అది కదలదు. పై నుంచి పంక్చువల్ గారు రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "బండి ఆపించూ!" అని అరుపు. నేను బయటికి పరిగెత్తి, "వచ్చేశారని కొట్టేశానండీ!" అన్నాను. "నేను రాలేదురా!" అంటారాయన. "వచ్చేశారు సార్, ఎనిమిదీ పదికే వచ్చేశారు!" అంటాను నేను. స్టీమరు మీద జనమంతా మా ఇద్దరి వంకా మార్చి మార్చి చూస్తున్నారు. నేను మళ్ళీ అరిచాను, "స్టీమరు ఇసకలో ఉంది, రాలేదు, బండి ఆపండి అని కొట్టమంటారా సార్?" 

అంతే. ఎలా కొట్టమంటారు? రాలేదని కొడితే, వచ్చిందని కొట్టింది ఏమిటని అడుగుతారు. ఒక్క రోజుది అడిగితే ఏడేళ్ళదీ బయటికొస్తుంది. సరంగు మాత్రం పైనుంచి, "కొట్టమనండి బాబూ! పెళ్ళి మీదా, ఇసకదా?" అని కేకేశాడు. కోడిగుడ్ల పెద్దమ్మ, "కొట్టరా టక్కుటక్కూ!" అంది. పంక్చువల్ గారు, "వద్దు! కొట్టొద్దు!" అంటూ ఏం చేశారనుకున్నావు? దూకేశారు! కొత్త బట్టలతో, కొత్త చెప్పులతో, నీళ్ళల్లోకి! నడుం లోతు. రెండు చేతులూ పైకెత్తి, ఒక చేతిలో గడియారం, ఇంకో చేతిలో చెప్పులు, ఇసకలో ఒక్కో కాలూ పీక్కుంటూ వస్తున్నారు. జనం ఈలలు. "అదిగో స్టీమరు వచ్చేసింది!" అని ఎవడో అరిచాడు. నా ముందు నుంచే పరిగెత్తారు, నీళ్ళు కారుతూ. "సార్, ఒక్క మాట కొడతాను, ఆగుతుంది" అన్నాను. "నోర్ముయ్!" అని బల్లలెక్కారు. అర మైలు! ఏడేళ్ళ పాటు ఊరందరి చేతా పరుగు పెట్టించిన మనిషి, ఆ బల్లల మీద ఆయన పరిగెత్తింది మాత్రం అదే మొదటిసారి. మూడు చోట్ల పడ్డారట, ఒక చెప్పు ఎక్కడో పోయిందట. కట్ట ఎక్కేసరికి ఎనిమిదీ నలభై రెండు. చిన్న రైలు తోక కనపడిందట. గార్డు ఈయన్ని చూసి, పాపం, రెండు చేతులూ చాపి, నేనేం చెయ్యను ఆర్డరు గదా అన్నట్టు ఊపుకుంటూ వెళ్ళిపోయాడట.

అక్కడ ఊళ్ళో స్టేషన్లో చూడాలి! అక్కడి స్టేషను మాస్టరు తర్వాత నాకు చెప్పాడు, చెబుతూ చెబుతూ కళ్ళు తుడుచుకున్నాడు. హెడ్డుమాస్టారు, చుట్టాలు, పూలు పట్టుకుని పిల్లలు, బ్యాండు మేళం, ఫోటోగ్రాఫరు. బండి ఆగింది. బ్యాండు అందుకుంది. పెళ్ళికొడుకు దిగుతుంటే ఫోటో తియ్యాలని ముందే చెప్పారు గదా, తలుపు దగ్గర కదలిక కనపడగానే ఫోటోగ్రాఫరు తీసేశాడు. దిగింది గార్డు. ఇంకెవరూ లేరు. బండి మొత్తం ఖాళీ! బ్యాండు వాళ్ళు ఆపమని ఎవరూ చెప్పక అలా వాయిస్తూనే ఉన్నారు. స్టేషను మాస్టరు కాగితాలు తీసి చూపించాడు. స్టీమరు వచ్చింది, ఎనిమిదీ పది. బండి కదిలింది, ఎనిమిదీ నలభై. అంతా సవ్యంగా ఉంది, పెళ్ళికొడుకు తప్ప.

నాకు తంతి వచ్చింది, హెడ్డుమాస్టారి నుంచి. బండి చేరింది, అబ్బాయి చేరలేదు, ఏమైంది అని. పంక్చువల్ గారు షెడ్డులో బల్ల మీద కూచుని ఉన్నారు, బట్టలు బురదతో అట్ట కట్టేశాయి. జవాబు చెప్పారు. "స్టీమరు సకాలానికి వచ్చింది. నేను ఆలస్యమయ్యాను. మధ్యాహ్నం బండికి వస్తాను." నేనాగి, "స్టీమరులో ఉన్నవారు స్టీమరు కంటే ఆలస్యంగా ఎలా వస్తారండీ?" అన్నాను. "కొట్టు!" అన్నారు. కొట్టాను. లెక్కల మాస్టారికి ఇలాంటి లెక్క పంపిస్తే ఊరుకుంటారుట్రా? తిరుగు బండికి ఆయనా వచ్చారు, కూతురూ వచ్చింది. పెళ్ళి చీరతోనే. చుట్టాలనీ బ్యాండునీ అక్కడే ఉండమన్నారట.

ఆ బల్లల మీద నడుచుకుంటూ నా షెడ్డుకి వచ్చింది ఆ అమ్మాయి. ఈయన్ని చూసింది, తల నుంచి కాళ్ళ దాకా. ఆ బురదా, ఆ ఒంటి చెప్పూ. ఫక్కున నవ్వింది! ఏం నవ్వురా అది, గోడకి చెయ్యి ఆనించి, వంగి, కళ్ళమ్మట నీళ్ళు కారేలా. ఈయన కూడా నవ్వారు. నేనూ నవ్వాను. ఇంక పర్లేదు అనుకున్నాను. బండి తప్పిపోయిన జనమంతా బయట ఇసకలో కూచుని ఉన్నారు గదా, కోడిగుడ్ల పెద్దమ్మ మొత్తం కథ చెప్పేసింది, పీపాతో సహా, స్టీమరు చివరికి ఎనిమిదీ యాభై రెండుకి ఒడ్డుకి తగలడంతో సహా, నన్ను ఇమిటేట్ చేస్తూ. "వచ్చేశారు సార్, వచ్చేశారు!" అని. ఆ అమ్మాయి ఇంకా నవ్వుతూనే రిజిస్టరు తీసుకుని, ఆ రోజు పంక్తి మీద వేలు పెట్టి, "ఇది కొట్టేసి ఎనిమిదీ యాభై రెండని రాసెయ్యండి. మిగతావి నాన్నగారు కూచుని సర్దిపెడతారు. మనం పోదాం, బ్యాండు వాళ్ళు వెళ్ళిపోతారు" అంది. కోపం లేదురా ఆ పిల్లకి. ఒట్టు.

ఆయన కలం తీసుకున్నారు. సిరాలో ముంచారు. పంక్తి మీదికి తెచ్చారు. ఆగారు. సిరా బొట్టు పక్కన పడింది. మళ్ళీ ముంచారు. హెడ్డుమాస్టారు గడియారం వంక చూడలేదు, ఈయన చెయ్యి వంకే చూస్తున్నారు. బయట జనం కూడా తొంగిచూస్తున్నారు. "వచ్చే నెల..." అన్నారు పంక్చువల్ గారు, "వచ్చే నెల షీల్డు అందుకున్నాక రాస్తానండీ. పెళ్ళి ఇప్పుడు చేసుకుందాం." ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. దీపం ఆర్పినట్టు. "రేపు ఇంట్లో కూడా మీరు పీపా దగ్గరుంటే వచ్చేశారనే అనుకోవాలాండీ?" అంది. మెల్లగానే అంది. తండ్రి చెయ్యి పట్టుకుని బల్లల మీద వెళ్ళిపోయింది, నడుచుకుంటూ. పరిగెత్తలేదు. గార్డు ఆర్డరు పక్కన పెట్టి ఆవిడ కోసం ఆరు నిమిషాలు ఆగాడు.

ఆ కలం అక్కడే ఉంది. నేను తీసుకుని రాశాను. ఎనిమిదీ యాభై రెండు, పొద్దున నేను కొట్టింది అబద్ధం, నాలుగేళ్ళుగా కొట్టింది అబద్ధం అని. ధైర్యం అనుకోకు. ఆ పిల్ల వెళ్ళిపోతుంటే చూడలేక ఏదో ఒకటి చెయ్యాలని రాశాను. పొద్దున ఎనిమిదిన్నరకి రాసుంటే ధైర్యం. పంక్చువల్ గారు నన్ను ఆపలేదు కూడా.

పెద్ద ఆఫీసరు వచ్చాడు. స్వయంగా స్టీమరు ఎక్కి, గడియారం పెట్టి చూశాడు. "నలభై నిమిషాలని ఏ బుద్ధిమంతుడు వేశాడు?" అని అక్కడే నిలబడి గంట అని మార్చేశాడు, చిన్న రైలు టైమూ దానికి తగ్గట్టు జరిపాడు. పది నిమిషాల పనిరా! మొదట్లో ఈయన ఆ ఆఫీసరుని ఒక్కసారి ఎక్కించి ఉంటే అయిపోయేది. నాకు రెండేళ్ళు జీతం పెంచలేదు. సరిపోయింది. షీల్డు రాలేదు. పంక్చువల్ గారిని ఉద్యోగంలోంచి తియ్యలేదు. సూపర్నెంటు గిరీ తీసేసి, దిగే బల్ల దగ్గర నిలబెట్టారు. స్టీమరు ఎన్ని నిమిషాలు ఆలస్యమైతే అన్ని నిమిషాలూ చెప్పి, దిగే ప్రతి ప్రయాణీకుడికీ నోటితో క్షమాపణ చెప్పాలి. చెప్పినట్టు ఒక ప్రయాణీకుడి చేత వేలిముద్ర వేయించాలి. వేలిముద్ర ఎవరిదంటావు, కోడిగుడ్ల పెద్దమ్మదే! "ఇంకోసారి చెప్పు నాయనా, సరిగ్గా వినపడలా" అనేది రోజూ. 

వంతెన వచ్చేదాకా, పదకొండేళ్ళు. పెళ్ళి మళ్ళీ చేసుకోలేదు. ఎవరూ ఇస్తామనక కాదు, ఆయనే వద్దన్నారు. ఆ అమ్మాయికి ఆ ఊళ్ళోనే ఒక కాంపౌండరుతో పెళ్ళయింది. ఏడో ఏట అనుకుంటా, ఒక పొగమంచు రోజు, భర్తతో, ఇద్దరు పిల్లలతో స్టీమరు దిగింది. నేను షెడ్డులోంచి చూస్తున్నాను. ఆయన చూశారు ఆవిణ్ణి, బల్ల మీదికి రాకముందే. పక్కకి తప్పుకోవచ్చు. ఆ రోజు ఆఫీసరు లేడు, పెద్దమ్మ కూడా రాలేదు. తప్పుకోలేదు. చేతులు జోడించారు. "ఇరవై ఒక్క నిమిషాలు ఆలస్యమండీ. క్షమించండి" అన్నారు. ఆవిడ, "పర్వాలేదండీ" అని, చిన్నపిల్లని ఎత్తుకుని దిగి వెళ్ళిపోయింది. ఆవిడ వెనకాల ఇంకా నూట నలభై మంది ఉన్నారు. ఒక్కొక్కరికీ చెప్పారు.